మిక్సీ చప్పుడు లేని మిఠాయిలు

గోదావరిఖనిలో పిల్లల చేతికి గిన్నె, గరిటె ఇచ్చే ముందు ఇంట్లో ఎవరిది ఏ షిఫ్టో చూసుకోవాలి. పొద్దున 7 నుంచి 3, 3 నుంచి రాత్రి 11, 11 నుంచి తెల్లారి 7. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని మంచమెక్కితే మధ్యాహ్నం దాకా ఇల్లంతా గుసగుసల మీదే నడవాలి. పాత క్వార్టర్లలో వంటగదికీ పడక గదికీ మధ్య ఉండేది ఒక్క గోడ. సెలవుల్లో పిల్లలు ఇంటిపట్టున ఉండే వేళ, బాపు నిద్రపోయే వేళ ఒకటే అవుతాయి. "సప్పుడు చెయ్యకుర్రి, బాపు పండుకున్నడు" అన్న మాట వినకుండా పెరిగిన పిల్లలు యైటింక్లైన్ కాలనీలోనూ పవర్ హౌస్ కాలనీలోనూ తక్కువే. ఆ చప్పుడు ఆపడానికి మనకు దొరికిన సులువైన మార్గం ఫోన్. దాన్ని ఇచ్చి ఓ మూల కూర్చోబెడతాం. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, నిద్ర లేని మనిషి బొగ్గు బాయిలో దిగితే ఏమవుతుందో ఇంటిల్లిపాదికీ తెలుసు.

కానీ బాపు నిద్రపోయే ఆ గంటల్లో మిక్సీ తిప్పకుండా, పొయ్యి వెలిగించకుండా పిల్లలు తమంతట తాము చేసుకోగల తీపి వంటలు చాలానే ఉన్నాయి. వాటి కోసం వీడియోలు వెతకాల్సిన పని లేదు, ఓవెన్ కొనాల్సిన పని అంతకన్నా లేదు. బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలు గుర్తు చేసుకుంటే చాలు.

ఎంగిలిపూల నాడు నువ్వులు, బియ్యప్పిండి. రెండో రోజు అటుకులు, బెల్లం. మూడో రోజు ముద్దపప్పు, పాలు, బెల్లం. నాలుగో రోజు నానబియ్యం. ఐదో రోజు అట్లు. ఆరో రోజు బతుకమ్మ అలిగింది కాబట్టి ఏమీ పెట్టరు. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. ఎనిమిదో రోజు వెన్న, నువ్వులు, బెల్లం కలిపిన ముద్దలు. ఆఖరున సద్దులు, వాటితో పాటు మలీద, సత్తుపిండి. ఊరూరికీ చిన్న తేడాలుంటాయి గానీ వరుస మాత్రం ఇదే. ఇన్ని రోజుల్లో నూనె మూకుడు పెట్టాల్సింది ఒక్కనాడే. బతుకమ్మకు ముందు పెళ్లికాని పిల్లలు ఆడే బొడ్డెమ్మకూ పంచేది ఇలాంటి ఫలారమే. ఈ వరుస ఎవరు పెట్టారో గానీ చిన్న పిల్లల చేతులు చూసి పెట్టారేమో అనిపిస్తుంది నాకు.

మొదటి పాఠానికి అటుకులు మంచివి, ఎందుకంటే వాటిని చెడగొట్టడం కష్టం. టీ గ్లాసునే కొలత చేసుకోండి, అది పిల్లల చేతిలో ఇముడుతుంది. సన్న అటుకులు నాలుగు గ్లాసులు, తురిమిన బెల్లం ముప్పావు గ్లాసు, పచ్చికొబ్బరి తురుము ఒక గ్లాసు, నెయ్యి రెండు చెంచాలు, ఇలాచి పొడి చిటికెడు. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు బెల్లం, కొబ్బరి మాత్రమే వెడల్పాటి గిన్నెలో వేసి వేళ్లతో పిసకమనాలి. కొబ్బరిలోని తడికి బెల్లం కరిగి చేతికి జిగటగా తగులుతుంది. అప్పుడు అటుకులు, నెయ్యి, ఇలాచి వేసి కింద నుంచి పైకి కలపాలి. మూత పెట్టి పది నిమిషాలు వదిలేస్తే అటుకులు ఆ తడి పీల్చుకుని మెత్తబడతాయి. ఇంట్లో దొడ్డు అటుకులే ఉంటే ముందుగా నీళ్లలో ఒకసారి ముంచి తీసి, చిల్లుల గిన్నెలో వేసి వార్చాలి. ఎక్కువసేపు నానితే ముద్దవుతాయి. అయినా నష్టం లేదు, చెంచాతో తింటారు.

బెల్లం తురమడం మాత్రం చిన్నవాళ్లకు ఇవ్వకండి. తురుముపీట మీద ముందు అరిగేది బెల్లం ముక్క, తర్వాత అరిగేది వేలి కణుపు. దంచితే చప్పుడు. రాత్రే మీరు దంచి డబ్బాలో పోసి పెడితే మరునాటికి పిల్లల పని సాఫీగా సాగుతుంది. కొబ్బరి కూడా అంతే. పొయ్యి మీద కరిగించి వడగట్టే వీలు ఇందులో లేదు కాబట్టి మట్టి, పీచు లేని శుభ్రమైన బెల్లం చూసి కొనండి.

నానబియ్యంలో పిల్లలు నేర్చుకునేది ఆగడం. గ్లాసు బియ్యం కడిగి నానబోసి, మూడు గంటలు గడియారం చూడమనండి. మధ్యలో పదిసార్లు వచ్చి చూస్తారు, చూడనివ్వండి. గింజను గోటితో నొక్కితే పుటుక్కున విరిగినప్పుడు నీళ్లు వార్చి, బట్ట మీద ఆరబోసి, బెల్లం తురుము, కాచి చల్లార్చిన పాలు రెండు చెంచాలు, ఇష్టముంటే కొబ్బరి కలపాలి. పచ్చి బియ్యం కాబట్టి గుప్పెడు చాలు, అంతకు మించి తింటే కడుపు నొప్పి. చేసిన పూటే అయిపోవాలి, ఎండాకాలంలో సాయంత్రం దాకా కూడా ఉంచొద్దు.

ఇక మలీద. నన్ను అడిగితే పిల్లల వంటల్లో దీన్ని మించింది లేదు. నాలుగు చపాతీలు, అర గ్లాసు బెల్లం, రెండు చెంచాల నెయ్యి. చపాతీలు గోరువెచ్చగా ఉండాలి, ఉప్పు తక్కువగా ఉంటే ఇంకా మంచిది. పొద్దున మిగిలినవైతే పెనం మీద మీరే ఒకసారి వేడి చేసి ఇవ్వండి. తర్వాత పని అంతా పిల్లలదే. ముందు పెద్ద ముక్కలుగా చింపాలి, తర్వాత చిన్న ముక్కలుగా, ఆ తర్వాత రెండు అరచేతుల మధ్య నలపాలి. చపాతీ రవ్వలా రాలుతుంటే ఆరేళ్ల పిల్లాడు కూడా అరగంట కదలడు. బెల్లం, నెయ్యి చేర్చి ఇంకోసారి నలిపి, పిడికిలి బిగించి ముద్ద కట్టాలి. వేళ్ల గుర్తులు ముద్ద మీద పడతాయి, అందం కూడా అదే. ముద్ద విడిపోతుంటే గోరువెచ్చని నెయ్యి అర చెంచా, లేదా పాలు రెండు చుక్కలు. మరీ జిగురైతే ఇంకో సగం చపాతీ నలిపి కలపాలి.

మలీద మన ఒక్క పండుగది కాదు. పీర్ల పండుగకూ ఇదే చేస్తారు. జ్యోతినగర్ ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో ఉత్తరాది కుటుంబాలను అడిగితే చూర్మా అని దాదాపు ఇదే వంట చెబుతారు. 1960లలో ఇక్కడ బాయిలు తెరిచినప్పటి నుంచీ పక్క జిల్లాల వాళ్లు, కోస్తా వాళ్లు, ఇతర రాష్ట్రాల వాళ్లు వచ్చి స్థిరపడిన ఊళ్లివి. పిల్లలు చేసిన మలీదను చిన్న డబ్బాలో పెట్టి పక్క క్వార్టర్‌కు పంపండి. ఆ డబ్బా ఖాళీగా తిరిగి రాదు, అందులో వచ్చే వంటే రెండో పాఠం అవుతుంది.

వంట సులువే, పక్కన కూర్చోవడమే పెద్దలకు కష్టం. సింగరేణిలో పని చేసేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? కొత్తగా చేరినవాణ్ణి ముందు ఒకేషనల్ ట్రైనింగ్ సెంటర్‌కు పంపుతారు. అక్కడ నేర్చుకున్నాక కూడా నేరుగా ఒంటరిగా వదలరు, పని తెలిసినవాళ్ల పక్కన పెడతారు. పక్కనున్న సీనియర్ ప్రతి నిమిషం చేతిలోంచి పనిముట్టు లాక్కుంటే ఆ కుర్రాడు ఎన్నేళ్లకు పని నేరుస్తాడు? వంటింట్లో మనం చేసేది సరిగ్గా అదే. పిల్ల రెండు ముద్దలు కట్టగానే "ఉండు బిడ్డా, నేను చేస్త, జెల్దిన అయితది" అని గిన్నె లాక్కుంటాం. ముద్దలు ఒకే సైజులో రావాలని మనకుంటుంది, పిల్లలకు ఉండదు. ఒకటి నిమ్మకాయంత, ఒకటి ఉసిరికాయంత వస్తే రానివ్వండి. వాళ్లు కట్టిన ముద్దను వాళ్ల కళ్ల ముందే విప్పి మళ్లీ కట్టడం మాత్రం చేయకండి, ఆ తర్వాత వారం దాకా వంటింటి గడప తొక్కరు. ఏం చేయాలో మొదట ఒకసారి చెప్పండి. అడిగితే మళ్లీ చెప్పండి. అడగకపోతే చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చోండి. ఫోన్ తీసి వీడియో కూడా వద్దు. కెమెరా ముందు పిల్లలు వంట మానేసి నటన మొదలుపెడతారు.

వంట ఆడపిల్లలకే నేర్పే అలవాటు ఒకటి ఇంకా పోలేదు. ఫస్ట్ షిఫ్ట్ మనిషికి తెల్లవారుజామున సద్ది కట్టి పంపిన అమ్మలే ఇన్నాళ్లూ ఈ కాలనీలను నడిపారు. ఇప్పుడు చాలా ఇళ్లలో అమ్మ కూడా మస్టర్ పడుతోంది. ఆదివారం ప్లే డే, అంటే సెలవు నాటి డ్యూటీ, దొరికితే ఇద్దరూ డ్యూటీకి పోయే ఇళ్లూ ఉన్నాయి. కొడుకు చేతికి గిన్నె ఇవ్వండి. తిన్నాక అదే గిన్నె కడగడమూ వాడి పనే. నెయ్యి అంటిన గిన్నెకు వేడినీళ్లు కావాలని, బెల్లం అంటినదాన్ని కాసేపు నానబెడితే చాలని వాడే కనిపెడతాడు.

శుభ్రం గురించి ఒక మాట. మన దగ్గర దుమ్ము వేరు. ఓపెన్‌కాస్టులకు దగ్గరలో ఉన్న ఇళ్లలో పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. చేత్తో పిసికి, వండకుండా తినే వంటలు కాబట్టి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి, గోళ్లు తీసి ఉండాలి, నానేదైనా ఆరేదైనా మూతో బట్టో కప్పి ఉండాలి. వంటగట్టు తుడవడం కూడా వంటలో భాగమేనని మొదటి రోజు నుంచే అలవాటు చేస్తే తర్వాత పోట్లాట ఉండదు.

మే నెల రామగుండం ఎండలో ఎవరికీ బెల్లం ముద్దలు సయించవు. అప్పుడు పెరుగు పని చేస్తుంది. గట్టి పెరుగును పలుచటి బట్టలో మూట కట్టి, నీళ్లు దిగాక చక్కెర, ఇలాచి కలిపితే శ్రీఖండ్. కాకపోతే ఆ మూటను వంటింట్లో కొక్కేనికి వేలాడదీస్తే ఈ వేడికి రెండు గంటల్లో పులిసిపోతుంది. జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేయాలి. పొద్దున చక్కెర కలపడం పిల్లల పని. అంత ఓపిక లేనివాళ్లకు పెరుగులో అరటిపండు మెదిపి కలిపినా చాలు. సబ్జా గింజలు నానబెట్టి చల్లటి పాలలో వేస్తే అవి ఉబ్బడం చూడడమే పిల్లలకు సగం సంబరం. తాటి ముంజలు దొరికే రోజుల్లో తోలు వలిచే పని ఇవ్వండి. దసరా దగ్గరికి సీతాఫలాలు వస్తాయి. పండిన కాయను విప్పి, గింజల నుంచి గుజ్జు వేరు చేసి, చల్లటి పాలలో కలపడం చేత్తోనే జరగాలి. గింజలతో సహా మిక్సీలో వేయడం ఎన్నడూ చేయొద్దు. సీతాఫలం గింజలో విషగుణం ఉంది, దాని పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. మూడు నాలుగేళ్ల తమ్ముడో చెల్లెలో పక్కన ఉంటే గింజలు, పల్లీలు అందకుండా చూడండి, గొంతులో అడ్డం పడతాయి.

పల్లీ పట్టి మాత్రం పిల్లలది కాదు. అడుగుతారు, అంగట్లో చూసి ఆశపడతారు, అయినా వద్దు. మరిగే నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఉంటే పట్టీకి తీసే ముదురుపాకం 150 డిగ్రీల దాకా పోతుంది. పైగా నీళ్లలా జారిపోదు, చర్మానికి అతుక్కుని కాలుస్తుంది. పల్లీలే కావాలంటే మీరు వేయించి చల్లార్చి ఇవ్వండి. పొట్టు నలిపి, చాటలో ఊదే పని వాళ్లకు వదిలేయండి, వాకిలి ఊడ్చే పని కూడా. బాపు నిద్ర లేచాక వాటిని రోట్లో బెల్లంతో కలిపి దంచితే పాకం లేకుండానే లడ్డూ అవుతుంది. నువ్వులకూ ఇదే పద్ధతి. గోదావరి అవతల, ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో చేస్తున్న లడ్డూలు మీకు దొరికితే పిల్లలకు రుచి చూపించి, అందులో ఏమేం వేశారో నాలుకతో చెప్పమనండి.

పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక పొయ్యి దగ్గరికి రానివ్వొచ్చు, మీరు అదే గదిలో ఉంటేనే. జుట్టు ముడి వేసి ఉండాలి, వేలాడే చున్నీ ఉండకూడదు, గిన్నె పిడి గట్టు బయటికి పొడుచుకు రాకూడదు. ఫ్రూట్ కస్టర్డ్‌తో మొదలుపెట్టండి. పొడిని ముందు చల్లటి పాలలో కలిపి ఆ తర్వాతే మరిగే పాలలో పోయాలి. నేరుగా వేడి పాలలో వేస్తే పైన ఉడికి, లోపల పొడిగా ఉండలు కడుతుంది. ఎందుకని పిల్లలు అడిగితే ఒకసారి చెంచాడు వేసి చూపించండి. కుక్కర్‌లో కేక్ వీడియో చూసి ఎగిరి గంతేసే పిల్లలకు మాత్రం ఇంకా కొన్నేళ్లు ఆగమని చెప్పాల్సిందే. ఖాళీ కుక్కర్ ఎంత వేడెక్కుతుందో వాళ్లకు అంచనా ఉండదు.

చెయ్యి కాలితే నల్లా కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వాలి. టూత్‌పేస్టు, నెయ్యి, సిరా రాయొద్దు. ఎండాకాలం మన ట్యాంకు నీళ్లే మరుగుతుంటాయి కాబట్టి ఆ రోజుల్లో తాగే నీళ్లో, కుండ నీళ్లో పోయండి, ఐసు ముక్కలు నేరుగా పెట్టకండి. బొబ్బ పెద్దదైనా, ముఖం మీదైనా ఆస్పత్రికి తీసుకుపోండి.

తీపి ఎంత అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. రోజు మొత్తం తినే శక్తిలో విడిగా కలుపుకునే చక్కెర వాటా పదో వంతు మించకూడదని, అందులో సగానికి తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1,500 కేలరీలు తినే పిల్లకు ఆ పదో వంతు 37 గ్రాములు, అంటే ఏడెనిమిది చిన్న చెంచాలు. బెల్లానికి ఇందులో మినహాయింపు లేదు, అందులోనూ ఉన్నది ఎక్కువగా చక్కెరే. పైన చెప్పిన అటుకుల్లో పడే బెల్లం సుమారు 60 గ్రాములు. ఐదుగురు పంచుకుంటే తలా 12. అంటే చేసినంతా ఒక్కరే తినే వంటలు కావివి, పంచుకునేవి. లాభాల వాటా, దీపావళి బోనస్ పడే రోజుల్లో ఎలాగూ స్వీట్ షాపు పెట్టెలు ఇంటికొస్తాయి, ఆ వారం పిల్లల వంటకు సెలవు ఇచ్చినా నష్టం లేదు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే బెల్లం కలపక ముందే కొబ్బరి, పల్లీలు, అటుకులు కొంచెం తీసి పక్కన పెట్టమని పిల్లలకు చెప్పండి. ఎవరికి ఏది పడదో గుర్తుపెట్టుకుని వడ్డించడం మనకన్నా పిల్లలకే బాగా వస్తుంది, ఒకసారి చెబితే చాలు, తాత గిన్నె వేరే పెడతారు.

ఇలా ఒక ఏడాది గడిచాక సద్దుల బతుకమ్మ నాటి సత్తుపిండి మొత్తం పెద్దపిల్లకో పిల్లాడికో అప్పగించండి. పల్లీలు, నువ్వులు, మక్కలు, పుట్నాలు. మొదటి మూడూ విడివిడిగా సన్న మంట మీద వేగాలి, ఎందుకంటే నువ్వులు చిటపటలాడే సమయానికి మక్కలకు ఇంకా వేడి కూడా ఎక్కదు. దేనికి దానిగా చల్లారాలి. వేడిమీద మిక్సీలో వేస్తే పల్లీలు, నువ్వులు నూనె దిగి ముద్ద కడతాయి. చక్కెరో బెల్లమో చేర్చి పొడి చేసి జల్లించాలి. ఇక్కడ మిక్సీ తప్పదు, అందుకని ఇంట్లో అందరూ మేలుకుని ఉన్న పూట చూసుకోమనండి. ఆ పూట ఏదో పిల్లలకే బాగా తెలుసు, ఇంటి షిఫ్టులన్నీ వాళ్ల నోటికే ఉంటాయి. తీపి తక్కువైందో ఎక్కువైందో రుచి చూసి మీరు చెప్పొచ్చు, దిద్దుకోవడం మాత్రం వాళ్లకే వదలండి. సాయంత్రం బతుకమ్మ దగ్గరికి ఆ పిండే తీసుకుపోండి. పక్కన మీరు చేసింది ఇంకో గిన్నెలో పెట్టి, ఎవరిది బాగుందని పది మందిని అడగకండి.